సెల్లార్ మునిగితే పాలసీలో ఏమొస్తుంది, ఏం రాదు

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరద చూసిన ఊరు మనది. అయినా హన్మకొండ అపార్ట్‌మెంట్ మీటింగుల్లో లిఫ్టు, వాచ్‌మన్ జీతం, మెయింటెనెన్స్ బకాయిల మీదే గొడవంతా. ఖర్చు మొదలయ్యేది సెల్లార్‌లో.

నీళ్లు ముందు ర్యాంపు మీంచి వస్తాయి. పాత రోడ్డు తవ్వకుండా పైనే కొత్తది పోస్తుంటే కొన్నేళ్లకు ర్యాంపు తల రోడ్డు కంటే కిందికి పోతుంది. అక్కడ 6 నుంచి 9 అంగుళాల ఎత్తు దిమ్మె కట్టించండి. రెండు వైపులా వాలు పొడవుగా లేకపోతే స్కూటీ అడుగు తగులుతుంది.

రెండో దారి మోరీ. వీధి మోరీ నిండితే మన పైపులోంచే నీళ్లు వెనక్కి తంతాయి. పైపుకు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను బయటికే పోనిచ్చి, వెనక్కి రాకుండా రెక్కతో మూసుకునేది) పెట్టించి, ఏటా జూన్‌లో విప్పి చూడాలి. రెక్క కింద ఒక్క షాంపూ ప్యాకెట్ ఇరుక్కున్నా అది మూసుకోదు.

వచ్చిన నీళ్లు తోడేందుకు మూల గుంతలో ఫ్లోట్ స్విచ్చున్న, అంటే నీళ్లు పెరగ్గానే తనంతట తానే ఆన్ అయ్యే, బురద మోటారు ఉండాలి. ప్యానెల్ బోర్డు రెండడుగుల ఎత్తులోనే ఉంటే మొదట మునిగేది అదే, దాంతో మోటారూ ఆగుతుంది. గోడ మీద పాత నీటి మరక చూసుకుని బోర్డును దానికి అడుగున్నర పైకి మార్పించండి. ఆ మోటారుకు జనరేటర్ లైను ఇప్పించండి. జనరేటర్ కూడా కిందే ఉంటే దానికీ గద్దె కట్టాలి. టెస్టింగ్ అంటే మోటారు చప్పుడు వినడం కాదు, పైపు చివర నీళ్లు పడటం చూడాలి.

వాన పెరుగుతుంటే లిఫ్టును రెండో అంతస్తులో ఆపి మెయిన్ కట్టేయండి. లేదంటే ఎవరో బటన్ నొక్కుతారు, క్యాబిన్ నీళ్లలోకి దిగుతుంది.

ఇక ఇన్సూరెన్స్ పాలసీ. అసోసియేషన్ పేరిట బిల్డింగ్‌కు తీసుకునేటప్పుడు స్థలం విలువ కలపొద్దు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క. 30,000 చదరపు అడుగులు, అడుగుకు 1,800 వేసుకుంటే 5 కోట్ల 40 లక్షలు. ప్రీమియం తగ్గుతుందని అందులో సగానికే చేయిస్తే, మామూలు ఫైర్ పాలసీలో నష్టంలోనూ ఆ సగం వంతే ఇస్తారు, 10 లక్షల నష్టానికి 5 లక్షల దగ్గరే ఆగుతుంది. వరద కవర్ ఉందో లేదో ఆ పాలసీ షెడ్యూల్‌లో (ఏమేం కవరవుతాయో రాసుండే పేజీలో) చూసుకోండి. లిఫ్టు మోటారు దానంతటదే కాలిపోతే ఫైర్ పాలసీలో రాదు, దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరే ఉంటుంది. లిఫ్టులో ఎవరికైనా దెబ్బ తగిలి అసోసియేషన్‌ను పరిహారం అడిగితే, అందుకు లయబిలిటీ కవర్ ఉండాలి. ఇది తీసుకునేవాళ్లు తక్కువ.

క్లెయిమ్‌లో నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ అడిగేవి ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాలు, సర్వీస్ రిజిస్టర్, ఫొటోలు. ఆయన చూడకముందే పాడైన మోటారును పాత సామానుకు అమ్మేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.

సెల్లార్‌లో పాత సోఫాలు, అట్టపెట్టెలు పెట్టేవాళ్లతో మొహమాటం వద్దు. నీళ్లొస్తే అవి తేలి వెళ్లి జాలీకి అడ్డం పడతాయి, నిప్పంటుకుంటే పొగ మెట్లెక్కుతుంది.

బండ్ల నష్టం అసోసియేషన్ పాలసీలో రాదు. ఓనర్ల సొంత పాలసీ, అదీ థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా ఉండాలి. మునిగిన బండిని ఆరిందనుకుని స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ రిపేరుకు డబ్బులివ్వరు. తాళం తిప్పకుండా టోయింగ్ బండి పిలిపించండి.