రంగు నిలవాలంటే ప్రింటర్‌ను తొందరపెట్టొద్దు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బయల్దేరి రామగిరి వైపు పోతూ పాత బోర్డులను ఒకసారి గమనించండి. బట్టల షాపు బోర్డు మీది పెళ్లికూతురి మొఖం నీలంగా ఉంటుంది, నుదుటి కుంకుమ ఎక్కడుందో వెతుక్కోవాలి, పసుపు చీర తెల్లబడి ఉంటుంది. ప్రింట్ వేసిన రోజు రంగులు బాగానే ఉండి ఉంటాయి. ప్రింటింగ్‌లో వాడే నాలుగు రంగుల్లో ఎండకు ముందు పోయేవి పసుపు, మెజెంటా (ముదురు గులాబీ). సయాన్ (లేత నీలం), నలుపు గట్టివి, అవి చివరి దాకా నిలబడతాయి. అందుకే వెలిసిపోయిన బోర్డులన్నీ నీలంగానే మిగులుతాయి. కాషాయం, గులాబీ, ఎరుపు ఎక్కువగా ఉన్న డిజైన్ అయితే ఇంకా తొందరగా తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రంగులన్నీ పసుపు, మెజెంటాల మీద ఆధారపడేవే.

మన దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. షాపు పడమర ముఖమైతే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా బోర్డు ఆ ఎండలోనే కాలుతుంది. ఈ మధ్య చాలామంది "లేటెక్స్ మీద వేయించాం కదన్నా, మరి రంగెందుకు పోయింది" అని అడుగుతున్నారు. లేటెక్స్ అంటే నీళ్ల ఇంకుతో వేసే ప్రింటింగ్ మిషన్. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మిషన్ పేరులో దొరకదు, ఆ మిషన్ దగ్గర మనం ఎంత ఓపిక పట్టామన్న దాంట్లో ఉంటుంది.

లేటెక్స్ ఇంకును హెచ్‌పీ కంపెనీ 2008లో తెచ్చింది. ఈ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లలో పిగ్మెంట్ అనే రంగు పొడి, దానితో పాటు కంటికి కనిపించనంత చిన్న పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి) కణాలు ఉంటాయి. ఇంకు వినైల్ (బోర్డుకు అంటించే ప్లాస్టిక్ షీట్) మీద పడ్డాక హీటర్ వేడికి నీళ్లు ఆవిరైపోతాయి, తర్వాత ఆ పాలిమర్ కణాలు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, పాల మీద మీగడ కట్టినట్టు పిగ్మెంట్ మీద పొర కడతాయి. రంగును కాపాడేది ఆ పొరే. పొర పూర్తిగా కట్టకపోతే ఎంత ఖరీదైన ఇంకు పోసినా లాభం లేదు. ప్రింటింగ్ వాళ్లం దీన్ని క్యూరింగ్ అంటాం. రసాయన ద్రావకంతో చేసే సాల్వెంట్ ఇంకైతే వినైల్ పైపొరను కొద్దిగా కరిగించి లోపలికి దిగుతుంది. లేటెక్స్ అలా దిగదు, పైనే కూర్చుంటుంది. కాబట్టి దీనికి వేడే దిక్కు.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. "అర్జెంట్, సాయంత్రానికి కావాలె" అంటారు, మనం 8 పాస్ (ఇంకు చల్లే హెడ్ ఒకే చోట ఎన్నిసార్లు తిరిగితే అన్ని పాస్‌లు), 10 పాస్‌లో వేయాల్సిన పనిని 4 పాస్‌కు దించుతాం. పాస్‌లు తగ్గితే వినైల్ హీటర్ కింద నుంచి తొందరగా వెళ్లిపోతుంది, ఇంకు మాత్రం అంతే పడుతుంది, ఆరడానికి టైం చాలదు. దానికి తోడు డిజైనర్ కోరల్‌డ్రాలో నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు నాలుగు రంగులూ వంద శాతం చొప్పున పెట్టి పంపిస్తాడు. స్క్రీన్ మీద చిక్కటి నలుపు కనిపిస్తుంది, మిషన్ మీద మాత్రం ఇంకు చెరువు కట్టినట్టే. నలుపు వంద పెట్టి, దానికి కొంచెం సయాన్ కలిపితే చాలు, చూసేవాళ్లకు తేడా తెలియదు. అంతకు మించిన ఇంకును, డిజైన్‌ను మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఇంక్ లిమిట్ పెట్టి ఆపేయొచ్చు.

క్యూరింగ్ సరిగ్గా అయిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ప్రింట్ బయటికి వచ్చి చల్లబడ్డాక, అన్నిటికంటే ముదురు రంగున్న చోట బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి జిడ్డు తగిలితే, లేదా తెల్ల బట్టతో రుద్దితే రంగు అంటితే, అది పచ్చిగా ఉన్నట్టే. పొడిగా, గట్టిగా అనిపిస్తే సరే. నేను ప్రతి పెద్ద పనికి ముందు నల్ల పట్టీ, ఎర్ర పట్టీ ఉన్న చిన్న ముక్క వేసి ఇలాగే రుద్ది చూస్తాను. పచ్చిగా ఉంటే టెంపరేచర్ పెంచేకంటే పాస్‌లు పెంచడం మేలు. వేడి మరీ పెంచితే చీప్ వినైల్ ముడతలు పడుతుంది, వెనక పేపర్ నుంచి లేచిపోయి హెడ్‌కు తగులుతుంది, అప్పుడు పోయేది వినైల్ ఒక్కటే కాదు. ఎండాకాలంలో మన దగ్గర వోల్టేజీ పడిపోతుంటుంది కాబట్టి హీటర్ లైన్‌కు స్టెబిలైజర్ తప్పనిసరి, దాని విషయంలో పైసలు చూసుకోవద్దు.

మిషన్ ఉన్న గది గురించి కూడా చెప్పాలి. 20 నుంచి 25 డిగ్రీల వేడి, 40 నుంచి 60 శాతం తేమ ఉంటే ప్రింట్ క్వాలిటీ బాగా వస్తుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఏసీ మన సుఖం కోసం కాదు, మిషన్ కోసం. వినైల్ రోల్‌ను కూడా ఒకరోజు ముందే ఆ గదిలో పెట్టాలి. రోల్ ఎక్కించేటప్పుడు చేతికి కాటన్ గ్లౌజులు వేసుకోండి, వేళ్ల జిడ్డు అంటిన చోట ఇంకు సరిగ్గా పట్టదు.

ఇక మెటీరియల్. బోర్డు ఏడాది దాటి ఉండాలంటే చవక రకమైన మోనోమెరిక్ వినైల్ కాకుండా ఎక్కువ కాలం మన్నే పాలిమెరిక్ వినైల్ అడగండి. మోనోమెరిక్ ఎండకు కుంచించుకుపోతుంది, అంచులు లేస్తాయి, ఆ అంచుల్లో దుమ్ము చేరి నల్ల గీత పడుతుంది. లామినేషన్ (ప్రింట్ పైన అంటించే పారదర్శక ఫిల్మ్) కూడా వినైల్‌కు జత కుదరాలి. పాలిమెరిక్ మీద చవక లామినేషన్ వేస్తే రెండూ రెండు రకాలుగా కుంచించుకుని చుట్ట చుట్టుకుంటాయి. లామినేషన్ ఫిల్మ్‌లో యూవీ రక్షణ ఉందో లేదో అడిగి తీసుకోవాలి, లేకపోతే ఆ ఫిల్మే ముందు పచ్చబడిపోతుంది. లేటెక్స్‌తో ఇక్కడ ఒక లాభం ఉంది. సాల్వెంట్ ప్రింట్‌ను కనీసం ఒకరోజు ఆరబెట్టి, వాసన పోయాకే లామినేషన్ వేయాలి. సరిగ్గా క్యూర్ అయిన లేటెక్స్ ప్రింట్‌కు చల్లబడిన వెంటనే వేసేయొచ్చు. అర్జెంట్ అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ప్రింట్ దగ్గర పోయే టైం లామినేషన్ దగ్గర తిరిగి వస్తుంది.

లేటెక్స్ ప్రింట్ బయట లామినేషన్ లేకుండా మూడేళ్లు, లామినేషన్‌తో ఐదేళ్లు నిలుస్తుందని కంపెనీ చెప్పుకుంటూ వచ్చింది. ఆ లెక్క నిలువుగా పెట్టిన బోర్డుకు, మంచి మెటీరియల్‌కు. మన ఎండకు, అద్దంకి రోడ్డు మీద లారీలు లేపే దుమ్ముకు, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల బూడిదకు నేను ఆ పూర్తి లెక్క ఎవరికీ మాటివ్వను. దుమ్ము పట్టిన బోర్డును పొడి బట్టతో రుద్దితే గీతలు పడతాయి. అద్దాలు తుడిచే లిక్విడ్, శానిటైజర్ లాంటివి లామినేషన్ లేని లేటెక్స్ ప్రింట్ మీద అసలు వాడొద్దు, ఆల్కహాల్ తగిలితే ఆ పొర ఊడిపోతుంది. ముందు నీళ్లు పోసి దుమ్ము కడిగి, కొంచెం సబ్బు నీళ్లలో ముంచిన మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.

చెర్వుగట్టు జాతరకు స్వాగతం బ్యానరో, పుట్టినరోజు ఫ్లెక్సీయో వేయించేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు. పది రోజుల పనికి మామూలు సాల్వెంట్ ఫ్లెక్స్ చాలు, లేటెక్స్ వేద్దామన్నా నేనే వద్దంటాను. ఆ మిగిలిన డబ్బు షాపు బోర్డు లామినేషన్‌కు పెట్టమంటాను.