కాన్‌బెరాలో వివియన్ సిస్టర్ ముందు

ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి పదవీ విరమణ పొందాక, మా అమ్మాయి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, కాన్‌బెరాలో అన్నిటికంటే ముందు నేను చూడాలనుకున్నది యుద్ధ స్మారక ప్రాంగణంలోని, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ నర్సుగా పనిచేసిన వివియన్ బుల్‌వింకెల్ విగ్రహాన్ని. జూలై చలిలో ఆన్జాక్ పరేడ్ అనే రోడ్డు వెంట నడిచి అక్కడికి చేరాం. 2023 ఆగస్టులో ఆవిష్కరించిన ఆ కంచు విగ్రహం పీఠంలో గుండ్రటి ఉక్కు బిళ్లలు పొదిగి ఉన్నాయి. వంగి లెక్కపెట్టాను, 22. 1942 ఫిబ్రవరి 16 రాత్రి ఆకాశంలో నక్షత్రాలు ఎలా ఉన్నాయో అలాగే వాటిని అమర్చారట.

సింగపూర్ నుంచి 65 మంది ఆస్ట్రేలియా ఆర్మీ నర్సులతో బయలుదేరిన వైనర్ బ్రూక్ ఓడ ఆ నెల 14న బాంబుదాడిలో మునిగి, 12 మంది నర్సులు సముద్రంలోనే పోయారు. ఇప్పటి ఇండోనేషియాకు చెందిన బంకా ద్వీపంలోని రాజీ తీరానికి చేరినవారిలో 22 మంది నర్సులను, ఒక పౌర మహిళను 16న జపాన్ సైనికులు నీళ్లలోకి నడిపించి వెనక నుంచి కాల్చగా, బతికి బయటపడింది వివియన్ ఒక్కరే.

నడుం పక్కగా తూటా దూసుకుపోయిన ఆ మనిషి, అడవిలో దాక్కుని, తనకంటే పెద్ద గాయాలతో ఉన్న కింగ్‌స్లీ అనే బ్రిటిష్ సైనికుడికి 12 రోజులు సేవ చేశారు. మందు లేదు, శుభ్రమైన గుడ్డ లేదు. ఆ ఉక్కపోతలో గాయం ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక, అక్కడ నిలబడి చాలాసేపు అదే ఆలోచించాను. చివరికి లొంగిపోక తప్పనప్పుడు, ఆ హత్యలకు సాక్షినని తెలిస్తే చంపేస్తారని, యూనిఫాం మీది తూటా రంధ్రానికి నీళ్ల సీసా అడ్డం పెట్టుకుని నడిచారు. కింగ్‌స్లీ కొద్దిరోజులకే చనిపోయాడు. మూడున్నరేళ్ల చెరలో మరో ఎనిమిది మంది నర్సులు పోగా, ఇల్లు చేరింది 24 మంది.

వివియన్ 1946లో టోక్యో యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యం చెప్పారు. మరుసటి ఏడాది ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకం వచ్చింది. ఆ తర్వాత మెల్‌బోర్న్ ఫెయిర్‌ఫీల్డ్ అంటువ్యాధుల ఆసుపత్రిలో నర్సింగ్ విభాగాన్ని నడిపారు.

స్మారకం లోపల అమరుల పేర్లున్న కంచు పలకల్లో, ఆ తీరంలో చనిపోయిన మేట్రన్ (నర్సుల అధికారి) ఐరీన్ డ్రమ్మండ్ పేరు వెతికాం. ఆ పలకల మీద హోదాలు, పతకాలు రాయరు, పేరొక్కటే ఉంటుంది. అమరుల గుర్తుగా పెట్టే ఎర్ర పాపీ పువ్వును మా అమ్మాయి కొనగా, దాన్ని ఆ పేరు పక్కన సందులో గుచ్చి, 'సిస్టర్' అని మెల్లగా పిలిచి, దణ్ణం పెట్టుకున్నాను.