నెల్లూరు టీవీలో తెలుగు వామనగుంటలు: పిల్లలతో సీసీ65 పని

వారానికోసారి ఆన్‌లైన్ తెలుగు క్లాసులో కూర్చోబెడితే అమెరికాలో పెరిగే మన పిల్లలకి గుణింతాలు వస్తాయి గానీ, వాటితో పనేమీ పడదు. పదకొండు పన్నెండేళ్ళు దాటి, ప్రోగ్రామింగ్ కాస్త తగిలిన పిల్లలకి ఒక పని అప్పజెప్పవచ్చు. పాత టీవీ గేమ్ మెషీనుకి తెలుగులో ఆట రాయడం. ఆట వామనగుంటలు. ఆడేది నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో ఉన్న అవ్వాతాతలు. తప్పులు పట్టేదీ వాళ్ళే.

తొంభైలలో మన ఊళ్ళలో టీవీ గేమ్ పేరుతో అమ్మినవి చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్ళు. ఫ్యామికామ్ 1983లో జపాన్‌లో వచ్చింది. అమెరికాలో 1985లో ఎన్ఈఎస్ పేరుతో అమ్మారు. లోపల 6502 జాతి ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్, అంతే. ఈ ఇరుకే మనకి పనికొస్తుంది. ఏ అక్షరం కావాలో, ఏది అక్కర్లేదో పిల్లవాడే తేల్చుకోవాలి, తేల్చుకోవాలంటే ఒక్కో అక్షరాన్నీ చూడాలి.

పని పంచుకునేటప్పుడు మొహమాటం వద్దు. కంపైలర్ (రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) కిట్‌కి మెషీన్ పరిచయం చేసే పని పెద్దలది. పన్నెండేళ్ళ పిల్లల్ని లింకర్ ఫైలు (మెమరీలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పేది) ముందు కూర్చోబెడితే రెండోరోజుకే విసుగొస్తుంది. అక్షరాలు, ఆట నియమాలు, తెర మీద మాటలు మాత్రం పూర్తిగా వాళ్ళవి. వాటిలో మీరు వేలు పెట్టకండి.

ముందు మీ పని. సీసీ65 అనేది 6502 మెషీన్లకి సీ భాషలో రాసుకునే ఉచిత కిట్. కంపైలర్, అసెంబ్లర్, లింకర్ అన్నీ అందులోనే ఉంటాయి. ఎన్ఈఎస్ టార్గెట్ కూడా ముందే ఉంది. కానీ దాని టెక్స్ట్ లైబ్రరీకి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు, ఒక బైటు ఒక అక్షరం అనుకుంటుంది. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. ‘క్ష’ చూడటానికి ఒకటే అక్షరం, లోపల క, పొల్లు, ష అని మూడు కోడ్‌లు, 9 బైట్లు. దాన్ని నేరుగా ప్రింట్ చేయమంటే తెర మీద 9 చెత్త గుర్తులు పడతాయి. అందుకని ఆ టార్గెట్ వదిలేసి, ‘నన్’ (none) అనే ఖాళీ టార్గెట్ తీసుకుని రెండు ఫైళ్ళు సొంతంగా రాసుకోవడం మేలు. ఒకటి లింకర్ కాన్ఫిగ్, రెండోది మెషీన్ ఆన్ కాగానే నడిచే స్టార్టప్ అసెంబ్లీ.

లింకర్ కాన్ఫిగ్‌లో మెమరీ పంపకం ఇట్టా ఉంటుంది. ఫైలు మొదట్లో 16 బైట్ల హెడర్. అందులో మొదటి నాలుగు బైట్లు ఎన్, ఈ, ఎస్ అక్షరాలు, ఆ తరువాత 26 అనే అంకె. ఐదో బైటు 2, అంటే 16 కిలోబైట్ల ప్రోగ్రాం ముక్కలు రెండు. ఆరో బైటు 1, అంటే బొమ్మలకి 8 కిలోబైట్లు. ప్రోగ్రాం హెక్సా 8000 నుంచి మొదలై మెమరీ చివరిదాకా ఉంటుంది; చిట్టచివరి 6 బైట్లలో ఎన్ఎంఐ, రీసెట్, ఐఆర్‌క్యూ అనే సంకేతాలు వచ్చినప్పుడు ప్రాసెసర్ వెళ్ళాల్సిన చిరునామాలు వరసగా ఉండాలి. ర్యామ్‌లో మొదటి 256 బైట్లు జీరో పేజీ, తరువాతి 256 ప్రాసెసర్ స్టాక్, ఆ తరువాతి 256 స్ప్రైట్లకి (తెర మీద కదిలే బొమ్మలకి). హెక్సా 0300 నుంచి మిగిలింది 1280 బైట్లు. వేరియబుల్సూ, సీ స్టాకూ రెండూ అందులోనే సర్దుకోవాలి. సీ స్టాక్ పైనుంచి కిందికి పెరుగుతుంది. అది వేరియబుల్స్ మీదికి వచ్చినా ఎవరూ హెచ్చరించరు. ఆట మధ్యలో గుంటల్లో గింజలు వాటంతట అవే మారుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫంక్షన్లలో లోకల్ వేరియబుల్స్‌ని స్టాటిక్‌గా ప్రకటించుకుంటే స్టాక్ బరువు తగ్గుతుంది, కోడ్ కూడా వేగంగా నడుస్తుంది. ‘వన్స్’ (ONCE) అనే సెగ్మెంట్‌కి కూడా చోటు చూపించండి. పాత ఉదాహరణల్లో అది ఉండదు, దాంతో లింకర్ ఫిర్యాదు చేస్తుంది.

స్టార్టప్ ఫైలులో వరస ముఖ్యం. ఇంటరప్టులు ఆపాలి, డెసిమల్ మోడ్ తీసేయాలి, ప్రాసెసర్ స్టాక్ పాయింటర్ పెట్టాలి, వీడియో చిప్ హెక్సా 2000, 2001 రిజిస్టర్లలో సున్నా రాయాలి. 2002 రిజిస్టరు చదువుతూ రెండు వీబ్లాంక్‌లు (ఒక ఫ్రేము గీశాక వచ్చే విరామాలు) గడిచేదాకా ఆగాలి, ఎందుకంటే అంతకు ముందు వీడియో చిప్ చెప్పినమాట వినే స్థితిలో ఉండదు. ర్యామ్ తుడవాలి. ఆ తరువాత ప్రారంభ విలువలను రోమ్ (ROM) నుంచి ర్యామ్‌లోకి కాపీ చేసే రొటీన్ పిలిచి, సీ స్టాక్ పాయింటర్ పెట్టి, అప్పుడు మెయిన్‌కి వెళ్ళాలి. ఆ కాపీ మరిచిపోతే కంపైల్ శుభ్రంగా అవుతుంది, ఆట మొదలవుతుంది, పద్నాలుగు గుంటలూ ఖాళీగా కనిపిస్తాయి. ర్యామ్ తుడవకపోతే ఇంకో రకం చిక్కు: ఎమ్యులేటర్‌లో (ఆ మెషీనుని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) బాగా ఆడుతుంది, అసలు మెషీనులో ఆడదు. మెసెన్ ఎమ్యులేటర్‌లో ర్యామ్‌ని అడ్డదిడ్డమైన విలువలతో మొదలుపెట్టే సెట్టింగు ఉంది, దాన్ని మొదటిరోజే ఆన్ చేయండి.

ఇక అక్షరాలు. ఈ మెషీనులో బొమ్మలన్నీ 8×8 చుక్కల టైల్స్, ఒక్కోటి 16 బైట్లు. బ్యాక్‌గ్రౌండ్‌కి 256 టైల్స్ దొరుకుతాయి. ఇంగ్లీషు అక్షరం ఒక టైల్‌లో ఇమిడిపోతుంది, తెలుగుది ఇమడదు. 16×16, అంటే నాలుగు టైల్స్ కావాలి. ఒత్తు ఉంటే కింద ఇంకో వరస, మొత్తం ఆరు. అన్నీ నాలుగేసి టైల్స్ అనుకున్నా 64 అక్షరాలకే పెట్టె నిండిపోతుంది, ఇంకా గుంటల గీతలు, గింజలు, అంకెలు ఉన్నాయి. మొత్తం గుణింతాలు పట్టవు, కాబట్టి ఆటలో కనిపించే మాటలు ముందు ఖాయం చేసుకుని, వాటిలో వచ్చే అక్షరాలే గీయాలి. ‘మళ్ళా ఆడదామా’ తీసుకోండి. మ, ళ్ళా, ఆ, డ, దా, మా. ఐదు మామూలువి, ఒకటి ఒత్తుది, 26 టైల్స్. మాటలో ఒక్క ఒత్తు తగ్గినా రెండు టైల్స్ మిగులుతాయి. ఇలాంటి లెక్క వచ్చాక పిల్లలు ఏది ఒత్తు, ఏది దీర్ఘం అని అడగడం మొదలుపెడతారు. మీరు చెప్పకండి, అవ్వకి ఫోన్ చేయమనండి.

అక్షరాలని కంప్యూటర్ ఫాంట్ నుంచి చిన్నవి చేసి తీసుకోవచ్చు గానీ ఫలితం బాగుండదు. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో గీయిస్తే, ఒత్తులని సరైన చోట పేర్చే రక్మ్ (Raqm) లేఅవుట్ లేనప్పుడు ఒత్తులు కింద పడకుండా పక్కన పొల్లుతో నిలబడతాయి. అది సరిచేసుకున్నా 16 చుక్కల ఎత్తులో ద, ధ ఒకేలా కనిపిస్తాయి. తేడా కింద ఉండే చిన్న గీత ఒక్కటే, ఆ సైజులో అది మాయమవుతుంది. గళ్ళ నోటుబుక్కులో పదహారు గళ్ళ చతురస్రాలు కొట్టి పెన్సిల్‌తో నింపడమే నమ్మకమైన దారి. అవ్వ చేత కాగితం మీద పెద్దగా రాయించి, వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుని, దాన్ని చూసి గళ్ళు నింపమనండి. నిలువు గీతలు రెండు చుక్కల మందం ఉండాలి. ఒక్క చుక్క గీత పాత టీవీలో రంగులు చిమ్ముతుంది. ఘ, ఝ లాంటివి ఆ మందంతో 16 వెడల్పులో ఇరుక్కుపోతాయి. వీలైతే ఆ అక్షరాలు రాని మాట వెతుక్కోండి.

ఇంకో మెలిక రంగులది. ఈ చిప్‌లో రంగు టైల్‌కి విడిగా ఉండదు, 16×16 చుక్కల గడికి ఒక రంగుల సెట్ చొప్పున ఉంటుంది. మన అక్షరం కూడా సరిగ్గా అంతే కాబట్టి, సరి సంఖ్య వరసలో, సరి సంఖ్య కాలమ్‌లో మొదలుపెడితే ఒక్కో అక్షరానికీ సొంత రంగు ఇవ్వవచ్చు. ఇంగ్లీషు ఆటలకి ఈ సుఖం లేదు! కానీ ఒత్తు కింది గడిలో పడుతుంది. ‘ళ్ళా’ని ఎర్రగా చేస్తే పై భాగం ఎర్రబడి ఒత్తు తెల్లగానే ఉండిపోతుంది. వరసకి వరసకి మధ్య నాలుగు టైల్స్ ఎత్తు వదిలి, రెండు గడుల రంగూ కలిపి మార్చాలి. సున్నాని విడి అక్షరంగా పెట్టుకుంటే బోలెడు టైల్స్ ఆదా. అయితే సగం వెడల్పు చాలు కదా అని దానికి 8 చుక్కలే ఇస్తే, తరువాతి అక్షరాలన్నీ గడి తప్పుతాయి. ‘వంతు’లో ‘తు’ సగం ఒక రంగు, సగం ఇంకో రంగు అవుతుంది. పూర్తి 16 ఇచ్చేయండి.

తెలుగు వాక్యాన్ని ముక్కలు చేసే పని మెషీనుకి అప్పగించవద్దు. మాటల జాబితాని అక్షరాలుగా విడగొట్టి, టైల్ నంబర్ల పట్టికగా మార్చే చిన్న పైథాన్ స్క్రిప్టు కంపైల్‌కి ముందే నడవాలి. ఆటలోకి వెళ్ళేవి నంబర్లే. ఒకేలా ఉన్న టైల్స్‌ని కలిపేసే పని కూడా ఆ స్క్రిప్టుకే ఇవ్వండి, ఖాళీ టైల్స్ చాలా తేలతాయి.

ఆట నియమాల దగ్గర కిట్ కంటే పెద్ద చిక్కు ఉంది. వామనగుంటలకి రెండు వైపులా ఏడేసి, పద్నాలుగు గుంటలు. అంతవరకు గొడవ లేదు. గుంటకి ఎన్ని గింజలు, ఆఖరి గింజ పడ్డాక ఏం చేయాలి, ఖాళీ గుంట తగిలితే ఎవరికి ఏం దక్కుతుంది అన్నవి ఇంటింటికీ మారతాయి. నెట్‌లో దొరికిన నియమాలు పెడితే “ఇదేంది, ఇట్టా ఎవురాడతారు?” అని ఆట పక్కన పెట్టేస్తారు. పిల్లవాడి చేతే అడిగించండి: “అవ్వా, గుంటకి ఎన్ని పొయ్యాల?” జవాబులో చింతపిక్కలు, గవ్వలు, ఎవరి పెరట్లో గుంటలు తవ్వారు అన్నీ వస్తాయి, రానివ్వండి. అమ్మమ్మ ఇంటి పద్ధతీ నాయనమ్మ ఇంటి పద్ధతీ వేరైతే రెండిటినీ హెడర్ ఫైలులో డిఫైన్లుగా (కంపైల్‌కి ముందే ఎంచుకునే విలువలుగా) పెట్టి రెండు బిల్డులు చేయండి, ఎవరిది సరైనదో తీర్పు చెప్పబోకండి. ఆఖరి గింజ పడిన గుంటలోవి తీసి మళ్ళీ పంచే పద్ధతిలో ఒక ఎత్తు ఎప్పటికీ ఆగకపోయే ప్రమాదం ఉంది. వంద గింజలో రెండొందల గింజలో పంచాక వంతు మార్చేలా హద్దు పెట్టండి. తెర మీద మాటలు కూడా ఆ ఇంటివే ఉండనివ్వండి. ‘మీరు విజయం సాధించారు’ ఎవరూ అనరు. ‘గెలిచినావు’ అంటే టైల్స్ కూడా తక్కువ.

తెర 32 టైల్స్ వెడల్పు. గుంటకి నాలుగు టైల్స్ చొప్పున ఏడు గుంటలు 28, రెండు పక్కలా రెండేసి వదిలితే సరిగ్గా సరిపోతుంది. పైన, కింద రెండు వరసలు ఖాళీగా ఉంచండి, పాత టీవీలు అంచులు మింగేస్తాయి. టైల్స్ మార్చడం వీబ్లాంక్‌లోనే జరగాలి. అమెరికా మెషీనులో ఆ వ్యవధి సుమారు 2270 సైకిల్స్, అందులో స్ప్రైట్ల కాపీకే 513 పోతాయి. ఒక ఫ్రేములో 32 టైల్స్ దాటకుండా చూసుకుంటే ఇబ్బంది ఉండదు. అంటే ఎనిమిది అక్షరాలు, పొడుగు మాటలు రెండు ఫ్రేముల్లో రాయాలి. రాసిన ప్రతిసారీ హెక్సా 2005 రిజిస్టరులో స్క్రోల్ విలువలు రెండూ మళ్ళీ పెట్టండి, లేకపోతే తెర ఎగిరి పక్కకి పడుతుంది.

కంట్రోలర్ దగ్గర ఒక్కటే జాగ్రత్త. ఫ్యామికామ్ తరహా మెషీన్లలో రెండో కంట్రోలర్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. అవ్వ చేతిలో ఉండేది అదే కావచ్చు. రెండో ఆటగాడికి బాణాలు, ‘ఏ’ (A) అనే బటను చాలు. చదివేటప్పుడు కింది రెండు బిట్లూ కలిపి చూస్తే పక్క పోర్టులో పెట్టిన కంట్రోలర్లు కూడా పనిచేస్తాయి.

అమెరికా మెషీను సెకనుకి 60 ఫ్రేములు, మన టీవీలకి వచ్చినవి 50. గింజ పడే వేగాన్ని ఫ్రేముల్లో లెక్కపెడితే డల్లాస్‌లో సెకను పట్టే కదలిక నెల్లూరులో 1.2 సెకన్లు పడుతుంది. అవ్వకి నెమ్మదే హాయి, అట్టాగే వదిలేయవచ్చు. గడియారం చూపించే ఆటైతే మాత్రం ఫ్రేముల సంఖ్యని డిఫైన్‌గా పెట్టి విడిగా కంపైల్ చేయాలి.

తయారైన ఫైలు 40,976 బైట్లు, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వెళ్ళిపోతుంది. అక్కడ బాబాయి కూతురో అత్త కొడుకో ఫోనులో ఎమ్యులేటర్ పెట్టిస్తే మొదటి ఆట ఫోనులోనే అయిపోతుంది. వేసవిలో డల్లాస్‌లో శనివారం రాత్రి 8 అంటే నెల్లూరులో ఆదివారం ఉదయం 6:30. పెద్దవాళ్ళు లేచి కాఫీ తాగే వేళ. తప్పులు చెప్పేటప్పుడు మధ్యలో మీరు అనువాదం చేయకండి, పిల్లలే రాసుకోవాలి.

బీరువా మీది పాత మెషీనులోనే ఆడాలంటే ఎస్‌డీ కార్డు పెట్టుకునే క్యాసెట్ కొనాలి. అమెరికా ఎన్ఈఎస్ క్యాసెట్‌కి 72 పిన్నులు, మన నకళ్ళకి 60. ఆర్డర్ చేసే ముందు మెషీన్ నోరు ఫొటో తీయించి చూడండి. ఆటలు లోపలే ఉన్న కొత్త చవక మెషీన్లలో కొన్నిటికి క్యాసెట్ పెట్టే చోటే ఉండదు. అమెరికా ఎన్ఈఎస్ అడాప్టర్‌ని మాత్రం సూట్‌కేసులో పెట్టుకురాకండి. అది 120 వోల్టుల ప్లగ్గుది, పైగా బయటికి ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఫ్యామికామ్‌కి కావలసింది డీసీ, ఏసీ ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. నకళ్ళలో ప్లస్ మైనస్‌లు కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, మెషీన్ అడుగున ముద్రించిన గుర్తు చూసి అక్కడి ఎలక్ట్రికల్ షాపులోనే కొనండి.