గడప అవతల

పన్నెండు దాటింది. పుస్తకం మూసి అరగంటైనా కళ్ళు మూతపడట్లేదు. చెల్లి ఇప్పటికి రెండుసార్లు లైటు ఆర్పమంది.

మూడో అధ్యాయంలో ఆ వాంపైర్, అంటే రక్తం తాగే పిశాచి, వానలో గడప అవతల నిలబడ్డాడు. ఇంట్లోవాళ్ళు రమ్మంటే తప్ప లోపలికి రాలేడు. చెయ్యి ముందుకు చాపాడు, వేళ్ళు ద్వారబంధం దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి చదివాను. తొమ్మిదో అధ్యాయం తెరిస్తే అతనే ఆ అమ్మాయి గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు! ఎవరు పిలిచారు? ఎప్పుడు పిలిచారు? వెనక్కి తిప్పి వెతికాను, దొరకలేదు. రచయిత్రి మర్చిపోయారు, అంతే.

ఈ మధ్య చదివిన ఫాంటసీల్లో సగం ఇలాగే ఉన్నాయి. మంత్రం వేస్తే ఒంట్లో శక్తి పోతుందని మొదటి భాగంలో చెబుతారు, రెండో భాగంలో హీరో అలుపే లేకుండా కోటలు కూల్చేస్తాడు. ఏడ్చి ఏడ్చి సాగనంపిన పాత్ర మూడో భాగంలో లేచొస్తుంది. మరి నేను ఏడ్చిందంతా ఏమైనట్టు?

ఇక్కడ ఎండ గురించి కూడా ఒక పేరా రాశాను. 2005లో 'ట్విలైట్' నవల వచ్చి, ఎండ పడితే మెరిసే వాంపైర్లను చూపించినప్పటి నుంచీ, ఎండకి కాలిపోవాలి కదా అని నాకు కోపం ఉంది. రాశాక అనుమానమొచ్చి 'డ్రాకులా' తీశాను. 1897 నాటి ఆ నవలలో వాంపైర్ కౌంట్ డ్రాకులా పట్టపగలే లండన్ వీధిలో కనిపిస్తాడు. పగలు శక్తులు తగ్గుతాయే తప్ప కాలిపోడు. వెలుగు సోకి చావడం 1922 నాటి మూకీ సినిమా 'నోస్ఫెరాటు'లో వచ్చింది. ఇన్నేళ్ళూ సినిమా రూలు పట్టుకుని పుస్తకాల మీద కోప్పడ్డానన్నమాట. ఆ పేరా తీసేశాను.

ఎలాగూ 'డ్రాకులా' తీశాను కదా అని అందులో అద్దం సీను మళ్ళీ చదివాను. కౌంట్ కోటలో అతిథిగా ఉన్న హార్కర్ గడ్డం గీసుకుంటుంటే భుజం మీద చెయ్యి పడుతుంది. అద్దంలో వెనకున్న గదంతా కనిపిస్తోంది, మనిషి మాత్రం లేడు. ఉలికిపాటుకి గడ్డం తెగుతుంది, కౌంట్ ఆ అద్దాన్ని కిటికీలోంచి విసిరేస్తాడు. పదిహేనేళ్ళప్పుడు మొదటిసారి చదివి, వారం రోజులు తల దువ్వుకుంటూ అద్దంలో వెనక తలుపునే చూసేదాన్ని. ఒకరోజు అక్క వచ్చి భుజం తట్టింది. అద్దంలో ముందు అక్క ముఖం కోసం వెతికాను, కనబడ్డాకే వెనక్కి తిరిగాను. ఆ భయం ఇచ్చే పుస్తకం కోసమే ఇప్పటికీ ఇవన్నీ కొంటున్నాను. మూడో అధ్యాయంలో ఆగిన ఆ చెయ్యి దగ్గర అది కాసేపు దొరికింది కూడా.

ఇంతవరకు రాసి, ఇందాక మూసిన పుస్తకం ఇంకోసారి తిరగేశాను. ఐదో అధ్యాయం చివర ఆ అమ్మాయి జ్వరంలో "లోపలికి రా" అని కలవరిస్తుంది. పక్కనున్న వాళ్ళమ్మ తననే పిలిచిందనుకుంటుంది. నేనూ అలాగే అనుకుని దాటేశాను. ఆ రాత్రి కిటికీ తెరిచే ఉంది.