ఇంగ్లీషు మాత్రమే మాట్లాడవలసిన బల్ల

2023 మార్చిలో ఒక శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక నా మిత్రుడు ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావురా, అట్లాంటిక్ సిటీ పోదామా?" అని అడిగాడు. వరంగల్లో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. న్యూజెర్సీలో కూడా మా ఇళ్ళ మధ్య దూరం పది నిమిషాలే. ఏడాదికి రెండు మూడు సార్లు అక్కడి కాసినోల్లో పోకర్ ఆడటానికి వెళ్ళే అలవాటు మాకుంది గాని, వారం ముందే అనుకుని, ఇంట్లో చెప్పి, తలా 300 డాలర్లు విడిగా తీసి పెట్టుకుని, అవి అయిపోతే లేచి వచ్చేయాలన్న ఒప్పందంతో వెళ్ళేవాళ్ళం. అప్పటికప్పుడు బయలుదేరదామని అతను పిలవడం అదే మొదటిసారి. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఎందుకని అడగలేదు.

ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా దాదాపు 90 మైళ్ళు వెళ్ళాలి. డ్రిస్కల్ వంతెన మీద రారిటన్ నది దాటిన కొంతసేపటికి ఊళ్ళు పలచబడి, రోడ్డుకు రెండు పక్కలా పైన్ చెట్ల అడవి మొదలవుతుంది. రాత్రిపూట ఆ దారిలో ముందు కారు వెనక దీపాలు తప్ప చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి మా మాటలన్నీ అక్కడే సాగేవి. పిల్లల చదువులు, ఊళ్ళో అమ్మానాన్నల ఆరోగ్యం, గ్రీన్‌కార్డు తేదీలు, అన్నీ ఆ గంటన్నరలో వచ్చి పోయేవి. ఆ రాత్రి అతను పాటలు కూడా పెట్టలేదు.

నెవాడా తర్వాత అమెరికాలో కాసినోలను చట్టబద్ధం చేసిన రెండో రాష్ట్రం న్యూజెర్సీ. 1976లో ఓటర్లు ఒప్పుకున్నారు, 1978లో అట్లాంటిక్ సిటీలో మొదటి కాసినో తెరుచుకుంది. 2014లో ఒక్క ఏడాదిలోనే నాలుగు కాసినోలు మూతపడ్డాయి. చిన్నప్పుడు మనం ఆడిన బిజినెస్ ఆటకు మూలమైన మొనోపలీ బోర్డు మీది వీధుల పేర్లు ఈ ఊరివే. బాల్టిక్ అవెన్యూ, మెడిటరేనియన్ అవెన్యూ ఆ బోర్డులో అన్నిటికన్నా చవక గళ్ళు, ఇక్కడ మాత్రం మనుషులు కాపురముంటున్న మామూలు వీధులు. కాసినోల్లో పనిచేసే బంగ్లాదేశీలు, వియత్నామీలు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

పోకర్ గదిలోకి వెళ్ళేసరికి పదకొండున్నర అయింది. మేము ఆడేది టెక్సస్ హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు వేస్తారు, బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి ఒకటి చొప్పున తెరుస్తారు, మొత్తం ఏడింటిలో మంచి అయిదు ఎవరివైతే పందెం వారిది. మూడు ముక్కలాట తెలిసినవారికి ఇందులో సగం వచ్చినట్టే. ఒక్క బ్లైండ్ అన్న మాట దగ్గర మాత్రం తికమక పడతారు. మన ఆటలో అది ముక్కలు చూడకుండా కాసే పందెం, ఇక్కడ ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టవలసిన పందెం. మా బల్ల మీద అది 1, 3 డాలర్లు.

పోకర్ జూదం కాదు, నైపుణ్యమున్న ఆట అని నా మిత్రుడి వాదన. 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే రమ్మీ మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం మీద నడిచేది కాదని సుప్రీంకోర్టు చెప్పిందని, రమ్మీకి వర్తించింది పోకర్‌కు మరింత వర్తిస్తుందని హాస్టల్ రోజుల నుంచీ అంటుండేవాడు. ఆ మాటను నేను కాదనను. పోకర్‌లో మనం ఆడేది కాసినోతో కాదు, ఎదురుగా కూర్చున్న మనుషులతో. అయితే ప్రతి పందెంలోంచీ కాసినో తన వాటా తీసుకుని బల్లకున్న చిన్న కంతలోకి జారవిడుస్తుంది. ఆటకు నాలుగైదు డాలర్లు, గంటకు సుమారు 30 ఆటలు అనుకుంటే, తొమ్మిది మంది జేబుల్లోంచి గంటకు 120 నుంచి 150 డాలర్లు ఆ కంతలోకి పోతాయి. గెలిచినవాడు ముక్కలు పంచే డీలరుకిచ్చే డాలరు ఇందులో లెక్కలేదు. ఎంత నైపుణ్యం ఉన్నా ముందు దాన్ని దాటాలి. తెల్లారేదాకా కూర్చున్న బల్ల మీద అందరి చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళలు, ఎందుకు తగ్గిపోయి కనిపిస్తాయో ఈ లెక్క వేసుకున్నాకే నాకు అర్థమైంది.

ఆ రాత్రి మా ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. కూర్చున్న పావుగంటకు నేను, "నీరసంగా ఉన్నావు, కాఫీ చెప్పనా?" అని తెలుగులో అడిగాను. డీలరు పంచుతున్న చెయ్యి ఆపి, మర్యాదగానే, ఆట నడుస్తుండగా ఇంగ్లీషే మాట్లాడాలని చెప్పాడు. ఈ దేశంలో దాదాపు పోకర్ గదులన్నిటిలోనూ ఈ నియమం ఉంటుంది. ఇద్దరు తమ భాషలో తమ ముక్కలు చెప్పుకుంటే మిగతావారు మోసపోతారు కాబట్టి అది న్యాయమైన నియమమే. స్నేహితులు ఒకరిమీద ఒకరు మెతకగా ఆడకూడదన్నది రెండో నియమం. రెండూ నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ రాత్రి మాత్రం, పాతికేళ్ళుగా తెలుగులో తప్ప మాట్లాడని మనిషి పక్కన నోరు మూసుకుని కూర్చోవడం నాకు బరువుగా తోచింది. అరగంట తర్వాత ఆ డీలరు వంతు అయిపోయింది. రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకి తిప్పి, ఏమీ తీసుకుపోవడం లేదని కెమెరాకు చూపించి లేచాడు. పక్క బల్ల డీలరుతో రెండు మాటలు బెంగాలీలో మాట్లాడి వెళ్ళిపోయాడు.

నా మిత్రుడు ఎప్పుడూ ఓపికగా ఆడే మనిషి, పదింట్లో ఎనిమిది ఆటలు ముక్కలు పడేసి ఊరుకుంటాడు. ఆ రాత్రి దాదాపు ప్రతి ఆటలోనూ దిగుతున్నాడు. ఒంటిగంటకల్లా మొదటి 300 అయిపోయి, మరో 300 తీశాడు. మా ఒప్పందం గుర్తుచేయాలని నోటిదాకా వచ్చింది. తెలుగులో చెప్పకూడదు, ఇంగ్లీషులో చెబితే తొమ్మిది మంది ముందు పరువు తీసినట్టవుతుంది. ఊరుకున్నాను.

రెండు గంటలప్పుడు నాకు ఇస్పేటు ఆసు, డైమను రాజు వచ్చాయి. నేను 15 డాలర్లు పెట్టాను, నా మిత్రుడు, ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన కూడా పెట్టారు. మధ్యలో కళావరు ఆసు, ఆఠీను తొమ్మిది, డైమను నాలుగు తెరుచుకున్నాయి. నా మిత్రుడు 45 అన్నాడు, ఇద్దరం కట్టాం. తర్వాతి ముక్క ఇస్పేటు ఏడు, ఎవరూ పందెం వేయలేదు. చివరి ముక్క కళావరు రెండు. అప్పుడు అతను తన ముందున్న చిప్స్ అన్నీ, 260 డాలర్లు, రెండు చేతులతో ముందుకు నెట్టాడు. పెద్దాయన చాలాసేపు చూసి ముక్కలు పడేశాడు.

నా మిత్రుడి చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. మంచి ముక్కలున్నప్పుడు అతను వాటి అంచు ఎత్తి మళ్ళీ మళ్ళీ చూసుకుంటాడు. ఏమీ లేనప్పుడు వాటి మీద అరచెయ్యి బోర్లించి, ఇక వాటివైపు చూడడు. హాస్టల్ గది నేల మీద దుప్పటి పరిచి రమ్మీ ఆడినప్పటి నుంచీ ఆ చెయ్యి అంతే. ఆ రాత్రి కూడా అది అలాగే బోర్లించి ఉంది, వేలికున్న పెళ్ళి ఉంగరం కొంచెం వదులైనట్టు కనిపించింది. నేను 260 కడితే ఆట నాదే. అతని ముఖం చూశాను, ముక్కలు పడేశాను. అది తప్పే. అందులో ఆ పెద్దాయన పెట్టిన 60 డాలర్లు కూడా ఉన్నాయి, నేను నిజాయితీగా ఆడి ఉంటే అవి నా మిత్రుడికి పోయేవి కావు. ఆ రాత్రి సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయన ముఖం కూడా నాకు గుర్తొస్తుంది.

ఆ గెలుపు గంటసేపు నిలిచింది. మూడు దాటాక మరొకరితో జరిగిన ఆటలో నా మిత్రుడి చిప్స్ అన్నీ పోయాయి. లేచి వచ్చాం. పార్కింగ్ లిఫ్టు పక్కన, జూదం సమస్యగా మారినవారు ఫోన్ చేయవలసిన నంబరు అంటించి ఉంది. అతను దాని ముందు ఒక్క క్షణం ఆగి నడిచాడు.

కారు నేను తీసుకున్నాను. దారిలో పెట్రోలు కోసం ఆగాం. న్యూజెర్సీలో 1949 నుంచీ ఉన్న చట్టం వల్ల మన పెట్రోలు మనం పోసుకోకూడదు, బంకు మనిషే వచ్చి పోయాలి. ఆ అబ్బాయి పోస్తున్నంతసేపూ ఇద్దరం మాట్లాడలేదు. అతను కార్డు తిరిగిచ్చి వెళ్ళాక నా మిత్రుడు, "నీ దగ్గర ఆసు ఉంది కదరా, ఎందుకు పడేశావు?" అన్నాడు.

"నీ దగ్గర ఏమీ లేదని తెలిసింది. ఏమైందో ఇప్పుడైనా చెప్పు" అన్నాను.

ఉద్యోగం పోయి 19 రోజులైందని చెప్పాడు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి లాప్‌టాప్ సంచి తగిలించుకుని బయలుదేరి, సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుని దరఖాస్తులు పంపుతున్నాడు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఇస్తున్నారు. ఆలోగా మరో కంపెనీ అతని తరఫున పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసా హోదాకు దరఖాస్తు చేయాలి, లేదా దేశం వదలాలి. అతని గ్రీన్‌కార్డు దరఖాస్తు తేదీ 2014. అప్పటికి ఆ వర్గంలో భారతీయులకు 2011 నాటి దరఖాస్తులే కదులుతున్నాయి. భార్య అతని వీసా మీదే ఆధారపడి ఉంది, కూతురు మూడో తరగతి. "ఇంకా 41 రోజులు. రోజంతా మెయిల్ కోసం చూడటమేరా. అక్కడ కూర్చుంటే ఏ సంగతీ రెండు నిమిషాల్లో తేలిపోతుంది, గెలుపో ఓటమో" అన్నాడు.

ఇది విన్నాక నాకు అతనిమీద కోపం రాలేదు, నామీద వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆ అడవి దారిలో గంటన్నర మా ఇద్దరికీ మా భాష ఉంది, నేను వాడలేదు. 600 డాలర్లంటే ఆ ఇంట్లో ఆ నెలలో ఎంతో నాకు తెలుసు. మనవాళ్ళం ఇక్కడ జీతాలు, ఇళ్ళ ధరలు ఒకరికొకరం అడిగి తెలుసుకుంటాం గాని, ఉద్యోగం ఎలా ఉందన్న ప్రశ్న అడగడానికి జంకుతాం. ఆ జంకు వల్లనే మనుషులు తెల్లవార్లూ అలాంటి గదుల్లో కూర్చుంటారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇల్లు చేరేసరికి తెల్లవారింది. "నువ్వు కూడా లోపలికి రా" అన్నాడు. వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసి, "రండి అన్నయ్యా, ఇద్దరూ రాత్రంతా నిద్రపోలేదా?" అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళబోతుంటే, "టీ తర్వాత పెడుదువుగాని, ముందిలా వచ్చి కూర్చో" అని అతను కుర్చీ జరిపాడు.