వేటగాళ్ల డబ్బుతో బతుకుతున్న పిట్టలు

ఉత్తర ఇంగ్లండులో డార్లింగ్టన్ నుంచి మిడిల్టన్ దాకా నేనూ మా బావా ఎలా చేరామో వదిలేద్దాం. హై ఫోర్స్ జలపాతం మీరంతా ఫొటోల్లో చూసిందే. నా బుర్రలోంచి పోనిది, అక్కడి టీస్‌డేల్ లోయ పై భాగంలో ఒక వాగుకి అడ్డంగా వేసిన దుంగ.

దుంగ మీద ఇనుప వలతో చేసిన గూడు, అందులో స్ప్రింగు ఉచ్చు. ఉచ్చులో చచ్చిపడి ఉన్న స్టోట్. మన ముంగిసకి తమ్ముడిలా ఉంది. తెల్లటి పొట్ట, తోక చివర నలుపు. నాకు ఒళ్లు మండింది. అంతలో ఉచ్చు చూసుకోవడానికి గేమ్‌కీపరే, అంటే వేట భూముల్ని చూసుకునే కాపలాదారే వచ్చాడు. "పిట్టల్ని చూడ్డానికి వచ్చారా? అయితే ఇదీ చూడాల్సిందే," అన్నాడు తాపీగా.

అతనికి జీతం వచ్చేది గ్రౌస్ పక్షుల వల్ల. ఆగస్టు 12 వస్తే వాటిని కాల్చడానికి వేల పౌండ్లు పోసే ఆసాములు దిగుతారు. అప్పటిదాకా అవి బతకాలని నక్కల్ని, కాకుల్ని, స్టోట్లని ఏరిపారేస్తారు. కర్లూలు, లాప్‌వింగులు అనే పిట్టలు కూడా నేలమీదే గుడ్లు పెడతాయి కాబట్టి వాటికీ కలిసొస్తోంది. ఇంగ్లండులోనే ఆటర్‌బర్న్ అనే చోట 2000 నుంచి 2008 దాకా పరీక్షించి చూశారు: కీపర్లు పనిచేసిన చోట వీటి పిల్లలు దక్కడం దాదాపు మూడు రెట్లు పెరిగింది. కర్లూ 2015 నుంచి బ్రిటన్‌లో ముప్పున్న పిట్టల రెడ్ లిస్టులో ఉంది మరి.

గద్దల సంగతేంటని అడిగాను. ఎక్కడున్నాయో తెలిసేలా ట్యాగు కట్టిన హెన్ హారియర్లు అనే గద్దలు గ్రౌస్ కొండల మీదే ఎక్కువగా మాయమవుతున్నాయని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. వాటిని చంపడం నేరం. "మా దగ్గర కాదు," అని మాట వాతావరణం మీదికి తిప్పేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

అయినా గోడ దాటగానే లాప్‌వింగుల గోల! మా ఊళ్లో రాత్రిపూట తీతువు కూస్తే నాయనమ్మ "నీ నోరు పడ" అని తిట్టేది. ఇవి దాని దగ్గరి చుట్టాలే. జుట్టు నిక్కబొడుచుకుని మా నెత్తిమీదే గిరికీలు కొడుతుంటే, గడ్డిలో మచ్చల నూగుతో పిల్లలు కదలకుండా నక్కి ఉన్నాయి. ఇన్నింటిని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు.

పబ్బులో శాండ్‌విచ్‌కి 12 పౌండ్లు గుంజారు. ఆ మంట మీదే బావతో వాదనకి దిగాను. ఆటర్‌బర్న్ కీపర్లకి జీతం ఇచ్చింది పరిశోధన కోసం, వేట కోసం కాదు కదా. అంటే పిట్టలకి కావాల్సింది కీపరే గాని తుపాకీ కాదు.

"బాగానే ఉంది. ఆ జీతం ఎవడిస్తాడ్రా, నువ్వా? శాండ్‌విచ్‌కే ఏడుస్తున్నావు," అన్నాడు బావ.