ముందు బొంత, తర్వాత బ్యానర్

1908 జూన్ 13న ఓటు హక్కు కోసం లండన్‌లో సుమారు 10,000 మంది ఆడవాళ్లు థేమ్స్ ఒడ్డు నుంచి ఆల్బర్ట్ హాలు దాకా నడిచారు. తలల మీద 70–80 బ్యానర్లు. చేయించింది ఆర్టిస్ట్స్ సఫ్రేజ్ లీగ్ అనే, ఓటు హక్కు కోరే కళాకారిణుల సంఘం. అందులో ముఖ్యురాలు మేరీ లౌండెస్. ఆవిడ వృత్తి చర్చి కిటికీలకు రంగుటద్దాలు అమర్చడం. ఈ సంగతి తెలిస్తే ఆ బ్యానర్ల తీరు సగం అర్థమైనట్టే. గాజు ముక్కలు కోసి సీసపు పట్టీలతో కలిపినట్టే, గుడ్డ ముక్కలు కోసి అతికి కుట్టించింది. మన టైలర్ల భాషలో ప్యాచ్ వర్క్. కుట్టినవాళ్లలో క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఒకరు. అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న అజంతా గుహల చిత్రాలకు నకళ్లు తీసిందీ ఈవిడే.

కార్మిక సంఘాల బ్యానర్లు వేరే రకం. జార్జ్ టటిల్ కంపెనీ పట్టుకు రబ్బరు పూత వేసి ఆయిల్ పెయింట్‌తో బొమ్మలు వేయించేది. గొప్పగానే ఉంటాయి గానీ బరువు, పైగా మడతపడ్డ చోట రంగు పగులుతుంది. కుట్టిన గుడ్డ అలా కాదు, గాలికి కదులుతుంది. వెల్వెట్ ఒకవైపు నుంచి నల్లగా, ఇంకోవైపు నుంచి మెరుస్తూ కనిపిస్తుంది. లౌండెస్ ఆల్బమ్‌లో నీటిరంగు నమూనాలతో పాటు గుడ్డ పీలికలూ అతికించి ఉంటాయి. కాగితం మీది ఎరుపు, పట్టు మీది ఎరుపు ఒకటి కావు మరి.

ఇవాళ ఒకటి కుట్టాలంటే 4½ అడుగుల వెడల్పు, 6½ అడుగుల పొడవు చాలు. అదే 29 చదరపు అడుగుల తెరచాప! అడుగున ఉండే గుడ్డ పడుగు (నేతలో పొడవునా సాగే పోగులు) నిలువుగా ఉండాలి, అతికే ముక్కల పడుగు కూడా అటే. ముక్క ఏటవాలుగా కోస్తే అది సాగుతుంది, కింది గుడ్డ సాగదు, చుట్టూ ముడతలు పడతాయి. 60 అడుగుల నుంచి చదవాలంటే అక్షరం 6 అంగుళాలైనా ఉండాలి. తెలుగుకైతే వొత్తులకు కింద, గుడులకు పైన చోటు వదలాలి, కాబట్టి వరుసకు దాదాపు అడుగు పోతుంది. ఆరేడు మాటలు మించొద్దు. సన్నటి మలుపుల్లో పోగులు ఊడతాయి, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే గుడ్డ) అతికించాకే కత్తెర పెట్టాలి. లైనింగ్ పైనా పక్కలా కుట్టి కింద వదిలేయాలి. నాలుగు వైపులా బిగిస్తే రెండు గుడ్డలు రెండు రకాలుగా సాగి అడుగున సంచిలా ఉబ్బుతుంది.

రెండు నిలువు కర్రలు, ఒక అడ్డకర్ర, ముందు రెండు తాళ్లు, వెనక రెండు. ఎదురుగాలిని ఆపేవి ముందు తాళ్లే. వీధి మలుపులో గాలి దిశ మారుతుంది, బ్యానర్ ఒరిగేది ఎక్కువగా అక్కడే. తాళ్లవాళ్లు మలుపుకు ముందే సిద్ధంగా ఉండాలి.

అక్షరాల లెక్క పూర్తిగా తప్పిన బ్యానర్ కూడా ఒకటుంది, నాకైతే అన్నిటికన్నా అదే గొప్పది. ఓటు హక్కు పోరాటంలో జైలుకెళ్లి నిరాహార దీక్ష చేసిన 80 మంది ఆడవాళ్ల సంతకాలు, ఒక్కో నార గుడ్డ ముక్క మీద ఒక్కోటి దారంతో కుట్టి ఉంటాయి. ఊదా, తెలుపు, ఆకుపచ్చ వాళ్ల సంఘం ఉమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్ రంగులు. గ్లాస్గో ఆర్ట్ స్కూల్లో ఎంబ్రాయిడరీ నేర్పే ఆన్ మక్‌బెత్ డిజైన్ చేసింది. మొదట అది బొంత. ఆ సంఘం నాయకుల్లో ఒకరైన ఎమ్మెలిన్ పెథిక్-లారెన్స్ 10 పౌండ్లకు కొన్నాక, 1910 జూన్ ఊరేగింపులో బ్యానరై నడిచింది. పది అడుగుల అవతల నుంచి ఒక్క పేరూ చదవలేం. చదవాలంటే దగ్గరికి వెళ్లాల్సిందే.

నార గుడ్డ కావడం దాని అదృష్టం. ఆ కాలపు పట్టుకు తూకం పెంచడానికి తగరం లవణాలు పట్టించేవాళ్లు. అలాంటి పట్టు కొన్ని దశాబ్దాలకే మడతల వెంట తనంతట తనే చీలిపోతుంది, సూది పెట్టినా చీలికే. పాత బ్యానర్ ఇంట్లో ఉంటే మడవకండి. ఆమ్లం లేని టిష్యూ కాగితం పరిచి, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, వెలుతురు తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పడుతుంది.